వందమంది ఆట, నలుగురి డబ్బు

2014 మార్చిలో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో అడుగుపెట్టడానికి కింగ్ కంపెనీ తన లెక్కలన్నీ బయటపెట్టాల్సి వచ్చింది. చిన్నపిల్లల నుంచి అమ్మమ్మల దాకా అందరూ ఆడిన 'క్యాండీ క్రష్ సాగా' ఆ కంపెనీదే. 2013 చివరి మూడు నెలల్లో కింగ్ ఆటలు ఆడినవాళ్లు నెలకు సగటున 30 కోట్ల 40 లక్షలమంది. అందులో డబ్బు కట్టినవాళ్లు సుమారు కోటీ 22 లక్షలమంది. అంటే వందకు నలుగురు. మిగతా తొంభై ఆరుగురూ పైసా ఇవ్వకుండానే ఆడుకున్నారు. అయినా ఆ ఏడాది కంపెనీ ఆదాయం దాదాపు 188 కోట్ల డాలర్లు.

ఫ్రీ యాప్‌ల మాట వచ్చినప్పుడల్లా 'ఊరికే ఎవరిస్తారు, అందరి దగ్గరా ఏదో ఒకటి లాగుతారు' అనేసి ఊరుకుంటాం. కింగ్ లెక్కలు చూస్తే సంగతి అంత సులువుగా తేలదు. ఉచిత ఆట ఒక జల్లెడ. కోట్లమందిని అందులో పోసి, డబ్బు పెట్టే కొద్దిమందిని వేరుచేయడం దాని పని. ప్రవేశానికి రుసుము పెడితే అన్ని కోట్లమంది రారు. అంతమంది రాకపోతే ఆ నలుగురూ దొరకరు. ఈ యంత్రం ఎక్కడ పుట్టిందో, లోపల ఎలా నడుస్తుందో తెలిస్తే దాని బరువు ఎవరిమీద పడుతోందో కూడా తెలుస్తుంది.

కొరియాలో పుట్టి, ఫోనులోకి వచ్చి

ఈ పద్ధతి మొబైల్ ఫోన్ల కంటే పాతది. దక్షిణ కొరియాలో 1990ల చివర వీధివీధినా ఇంటర్నెట్ గేమింగ్ సెంటర్లు వెలిశాయి. సీడీల్లో అమ్మే ఆటలకు దొంగ కాపీల బెడద ఉండేది. కంపెనీ సర్వర్‌లో నడిచే ఆన్‌లైన్ ఆటను మాత్రం అంత తేలిగ్గా కాపీ కొట్టలేరు. నెక్సాన్ అనే కంపెనీ 1999లో తెచ్చిన 'క్విజ్‌క్విజ్', 2003లో తెచ్చిన 'మేపుల్‌స్టోరీ' ఈ కొత్త దారికి తొలి ఉదాహరణల్లో ఉన్నాయి. ఆట ఉచితం, ఆటలోని బొమ్మకు వేసే బట్టలు, వాడే వస్తువులు అమ్మకానికి. అమ్మేది సర్వర్‌లోని సమాచారమే కాబట్టి ఒక్క టోపీ అమ్మినా, లక్ష టోపీలు అమ్మినా తయారీ ఖర్చు ఒకటే.

ఫోనులోకి ఇది మెల్లగా వచ్చింది. ఆపిల్ యాప్ స్టోర్ 2008 జులై 10న సుమారు 500 యాప్‌లతో మొదలైనప్పుడు ఒక యాప్‌కు ఒక ధర అన్నదే పద్ధతి. అమ్మిన దానిలో 30 శాతం ఆపిల్‌కు, 70 శాతం తయారుచేసినవాళ్లకు. 2009 వేసవిలో యాప్ లోపల కొనుగోళ్లకు అనుమతి వచ్చింది, అదీ డబ్బు పెట్టి కొన్న యాప్‌లలోనే. అదే ఏడాది అక్టోబరులో ఆపిల్ ఆ షరతు తీసేసి ఉచిత యాప్‌లలో కూడా అమ్ముకోవచ్చంది. బయటికి చిన్న నిబంధన మార్పే, కానీ ఫోన్ ఆటల వ్యాపారమంతా ఇటు తిరిగింది అప్పుడే. 2011లో ఆండ్రాయిడ్ కూడా అదే వీలు కల్పించింది.

ఐదో ప్రాణం పోయాక

జల్లెడ ఎలా ఆడుతుందో చూడాలంటే క్యాండీ క్రష్‌లో ఒక్క ఘట్టం చాలు. మనకు ఐదు ప్రాణాలుంటాయి. లెవెల్ ఓడిన ప్రతిసారీ ఒకటి పోతుంది. పోయిన ప్రాణం తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. ఐదూ అయిపోతే మూడు దారులు: ఆగడం, స్నేహితులను అడగడం, కొనడం.

మూడింటిలో ఏది ఎంచుకున్నా కంపెనీకి లాభమే. ఆగినవాడు ప్రాణాలు నిండేసరికి మళ్లీ వస్తాడు, రోజుకు నాలుగుసార్లు ఆట తెరవడం అలవాటవుతుంది. స్నేహితుణ్ని అడిగినవాడు కంపెనీ తరఫున ఖర్చు లేని ప్రచారం చేసిపెడతాడు. కొన్నవాడు డబ్బిస్తాడు.

ఇంకాస్త దగ్గరగా చూస్తే, కొనమని అడిగే సమయంలో ఉంది కిటుకు. చెరపాల్సిన జెల్లీ ఒక్కటే మిగిలి ఉండగా, ఆ లెవెల్‌కు ఇచ్చిన ఎత్తులు అయిపోతాయి. అప్పుడే తెరమీద 'ఇంకో ఐదు ఎత్తులు కావాలా' అన్న ప్రశ్న వస్తుంది. ఆట మొదట్లో అడిగితే ఎవరూ కొనరు. గెలుపు అందినట్టే అంది జారిపోతున్నప్పుడు చేయి దానంతటదే ముందుకెళుతుంది. ఆ ఎత్తుల ధర రూపాయల్లో కనిపించదు, బంగారు కడ్డీల్లో ఉంటుంది. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో జెమ్స్, బీజీఎంఐలో యూసీ చేసే పని కూడా ఇదే. ముందు రూపాయలిచ్చి కడ్డీల మూట కొంటాం, తర్వాత కడ్డీలిచ్చి వస్తువు కొంటాం. రెండో మెట్టుకు వచ్చేసరికి ఎంత ఖర్చవుతోందన్న లెక్క తప్పిపోతుంది. పైగా మూటలో ఉన్న కడ్డీలకూ వస్తువు ధరకూ పొంతన కుదరక కొన్ని మిగిలిపోతాయి. వాటిని వాడుకోవాలంటే ఇంకో మూట కొనాలి.

మిగతా తొంభై ఆరుగురు

డబ్బు కట్టనివాళ్లు కూడా ఉత్తపుణ్యానికి పోరు. వాళ్లకోసం ఉన్న రెండో చక్రం ప్రకటన. ఫోన్లలో ప్రకటనలు చూపించేందుకు ఒమర్ హమౌయీ 2006లో పెట్టిన అడ్‌మాబ్ కంపెనీని, మూడేళ్లు తిరిగేసరికి 75 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు గూగుల్ ప్రకటించింది. వియత్నాం కుర్రాడు డాంగ్ న్యూయెన్ ఒక్కడే చేసిన 'ఫ్లాపీ బర్డ్' అన్న బుల్లి ఆట, తెర అంచున కనిపించే బ్యానర్ యాడ్‌లతోనే రోజుకు 50 వేల డాలర్లు తెచ్చిపెడుతోందని 2014 మొదట్లో వార్తలొచ్చాయి. ఆ హోరు తట్టుకోలేక ఆయనే ఫిబ్రవరిలో దాన్ని స్టోర్లలోంచి తీసేశాడు.

మనం యాడ్ చూసే ముందు ఒక వేలంపాట జరుగుతుంది. ఆటలో యాడ్ కంపెనీవాళ్ల చిన్న ప్రోగ్రామ్ ఒకటి కలిసి ఉంటుంది. లెవెల్ ముగిసే లోపే అది సర్వర్‌కు కబురు పంపుతుంది: ఫోన్ మోడల్ ఇది, భాష ఇది, ఉన్న ప్రాంతం దాదాపు ఇది, ఈ ఫోన్ తాలూకు ప్రకటనల గుర్తింపు సంఖ్య ఇది అని. ప్రకటనదారుల కంప్యూటర్లు ఆ వివరాలు చూసి పాట పాడతాయి. ఎక్కువ పాడినవాడి వీడియో ఫోన్‌లోకి దిగుతుంది. సెకనులో పదో వంతు లోపే ఇదంతా ముగుస్తుంది. ధర మాత్రం వెయ్యిసార్లు చూపించినందుకు ఇంత అని లెక్క. అమెరికాలో చూపించిన యాడ్‌కు వచ్చేదానిలో మన దేశంలో వచ్చేది చిన్న భాగమే. అందుకే 2016లో నవీ ముంబైలోని గేమెషన్ కంపెనీ తెచ్చిన 'లూడో కింగ్' లాంటి యాడ్‌ల మీద బతికే ఆటకు జనం విపరీతంగా కావాలి. 2020 లాక్‌డౌన్‌లో ఇంటింటా పాచికలు ఫోన్‌లోనే పడ్డాయి కాబట్టి దానికి ఆ జనం దొరికారు.

ఇంతకీ ఆటల్లో కనిపించే యాడ్‌లు ఎవరివి? చాలావరకు ఇతర ఆటలవే. ఒక కంపెనీ దగ్గర సగటున ఒక కొత్త ఆటగాడు జీవితకాలంలో 40 రూపాయలు తెస్తాడని లెక్క తేలిందనుకుందాం. యాడ్ ద్వారా అతన్ని తేవడానికి 30 రూపాయలే అయితే, ఎంతమంది దొరికితే అంతమందినీ కొంటుంది. ఆ 40 అన్నది సగటు మాత్రమే. వందమందిలో తొంభై ఆరుగురు యాడ్‌లు చూసి తలా రెండు మూడు రూపాయలు తెస్తే, మిగతా మొత్తం నలుగురే తేవాలి. అంటే ఒక్కొక్కరి నుంచి తొమ్మిది వందల రూపాయలకు పైగా రావాలి. ఎవరు ఖర్చుపెట్టే మనిషో ముందే పసిగట్టగలిగితే వాళ్లకే యాడ్‌లు చూపించొచ్చు. కంపెనీలు మన వివరాలకోసం అంత ఆరాటపడేది అందుకే. 2021 ఏప్రిల్‌లో ఆపిల్, 'ఈ యాప్ మిమ్మల్ని వెంబడించవచ్చా' అని మనల్నే అడిగే ఏర్పాటు చేసింది. దానివల్ల 2022లో తమ ఆదాయానికి వెయ్యి కోట్ల డాలర్ల మేర గండి పడొచ్చని ఫేస్‌బుక్ యాజమాన్య సంస్థ మెటా అంచనా వేసింది.

జల్లెడలో చిక్కినవాళ్లు

జల్లెడకు మనుషులు తెలియరు. అందులో మిగిలేది సరదాకు నాలుగు డబ్బులు పెట్టగల ఉద్యోగే కావచ్చు, తనను తాను ఆపుకోలేని మనిషి కావచ్చు, పదేళ్ల పిల్ల కావచ్చు. ఆపిల్ ఫోన్లలో ఒకసారి పాస్‌వర్డ్ కొడితే తర్వాత 15 నిమిషాలపాటు మళ్లీ అడిగేది కాదు. తల్లి ఒక్క వస్తువుకు ఒప్పుకుని ఫోన్ చేతికిస్తే, ఆ పావుగంటలో పిల్లలు ఎన్ని కొన్నా అడ్డులేదు. దీనిమీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టగా, 2014 జనవరిలో ఆపిల్ కనీసం 3 కోట్ల 25 లక్షల డాలర్లు తిరిగి చెల్లించడానికి ఒప్పుకుంది.

లోపల ఏముందో చెప్పకుండా ఆటలో పెట్టెలు (లూట్ బాక్సులు) అమ్మడం ఇంకో రకం. ఏ పెట్టెలో బహుమతి ఉందో తెలియనప్పుడే మెదడుకు ఆశ ఎక్కువ. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమతికోసం జీవులు అలుపు లేకుండా ప్రయత్నిస్తూనే ఉంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలతో ఎప్పుడో చూపించాడు. ఇలాంటి పెట్టెల్లో వచ్చే వస్తువులతో పూర్తి సెట్ కూడితేనే పెద్ద బహుమతి అనే పద్ధతిని జపాన్ 2012లో ఆపించింది. డబ్బుతో కొనే లూట్ బాక్సులు జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది.

మన దగ్గర పందెం కాసి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. క్యాండీ క్రష్ లాంటివి ఆ నిషేధం కిందికి రావు, ఎందుకంటే వీటిలో డబ్బు పోవడమే తప్ప గెలిచి తెచ్చుకోవడం ఉండదు. తొందరపెట్టి, విసిగించి కొనిపించే 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుగా ప్రకటించింది. అదే ఏడాది వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 18 ఏళ్ల లోపువారిని వెంబడించి ప్రకటనలు గురిపెట్టడాన్ని నిషేధించింది. ఇవి మంచి అడుగులు. ఇవి చాలవు. ఆటలో ప్రతి వస్తువు ధరా కడ్డీల్లోనే కాకుండా రూపాయల్లో కూడా కనిపించాలి. పెట్టెలో ఏది ఎంత అరుదో రాసి ఉండాలి. నెలకు ఇంతకు మించి కట్టనివ్వొద్దని ఆటగాడే ముందుగా గీత గీసుకునే వీలు ప్రతి ఆటలోనూ ఉండాలి.

ఉచిత ఆట వల్ల మేలు లేదనను. జేబులో పది రూపాయలు లేని కుర్రాడు కూడా ప్రపంచమంతా ఆడే ఆటే ఆడగలుగుతున్నాడు. ఆ సంతోషానికి వెల ఎవరో కడుతున్నారు, కట్టేవాళ్లు తెలిసే కడుతున్నారా అన్నదే అడగాల్సిన ప్రశ్న. అది తెలుసుకోవడానికి ప్లే స్టోర్‌లోనే ఒక దారి ఉంది. ఏ ఆటైనా దించుకునే ముందు దాని వివరాల పేజీలో కిందికి వెళితే, లోపల అమ్మే వస్తువుల కనిష్ఠ ధర, గరిష్ఠ ధర రాసి ఉంటాయి. కనిష్ఠం పదుల్లో, గరిష్ఠం వేలల్లో ఉంటే ఆ వేల ధర ఎవరికోసం పెట్టారో ఇప్పుడు మనకు తెలుసు. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ముందు ఆ రెండో అంకె చూడండి, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ పెట్టండి. ఆ తర్వాత హాయిగా ఆడుకోనివ్వండి.