మాండలిక కవి విగ్రహమునొద్ద

హనుమకొండలో నక్కలగుట్ట ప్రాంతమున ప్రజాకవి కాళోజీ నారాయణరావుగారి విగ్రహము కలదు. రాష్ట్రేతర ప్రాంతమున తెలుగు బోధించుచున్న నేను ఇటీవల దానిని దర్శించితిని. అచ్చట నాకు తోచిన యొక భాషావిషయమును పండితులకు నివేదించుట ఈ వ్యాసోద్దేశము.

కాళోజీ 1914 సెప్టెంబరు 9న నేటి కర్ణాటకములోని రట్టిహళ్లిలో జన్మించిరి. తల్లి కన్నడ భాషిణి, తండ్రి మహారాష్ట్రుడు. వరంగల్లు సమీపమందలి మడికొండలో పెరిగి, “నా గొడవ” కవితలతో తెలంగాణపు పలుకుబడికి కావ్యగౌరవము సమకూర్చిరి. 1992లో పద్మవిభూషణ పురస్కారము నంది, 2002లో దివంగతులైరి. 2014 నుండి వారి జయంతిని తెలంగాణ భాషాదినోత్సవముగా జరుపుచున్నారు. మాండలికము వంశమునుబట్టి గాక, పెరిగిన తావునుబట్టి అలవడుననుటకు వారి జీవితమే తార్కాణము.

మాండలికము ప్రమాణభాషకు వికృతియను భ్రమ విద్యాలయములందు నేటికిని పూర్తిగా తొలగలేదు. రెండు పదములను పరిశీలింతము. “త్రోవ” తెలంగాణమున “తొవ్వ” యైనది. దీర్ఘము హ్రస్వమై వకారము ద్విత్వమగుట యటుండ, ఇందలి ముఖ్యమైన మార్పు రేఫలోపము. “క్రొత్త” “కొత్త” యగుటయు, “ప్రాత” “పాత” యగుటయు ఇట్టివే. ఇక “ఎక్కడ” అనుటకు జనులు “ఏడ” అందురు. ఈ రూపము 15వ శతాబ్దిలో జన్మించిన అన్నమాచార్యుల సంకీర్తనములందే కలదు. మొదటిది భాషయందంతట సాగిన మార్పు. రెండవది నిలిచియున్న ప్రాచీనత. ఏదియు అజ్ఞానమువలన పుట్టినది కాదు.

చాల యేండ్ల క్రిందట వరంగల్లు ప్రాంతపు విద్యార్థి యొకడు తన వ్యాసమున “తొవ్వ” యని వ్రాసెను. నేను ఎఱ్ఱసిరాతో కొట్టివేసి “త్రోవ” యని దిద్దితిని. అదే పుటలో అతడు వ్రాసిన “కొత్త”ను మాత్రము దిద్దలేదు. పిమ్మట అతడు తరగతిలో నోరు విప్పుట తగ్గించెను. విగ్రహము క్రింద నిలిచినపుడు నాకు జ్ఞప్తికి వచ్చినది ఆ పుటయే. నేను దిద్దినది దోషమును కాదు, ఒక ప్రాంతమును.

జయంతినాడు పూలమాల వేయుట సులభము. మాండలిక పదము ఎదురైనపుడు దానిని దోషముగా గాక రూపాంతరముగా గుర్తించి, దాని వ్యాప్తిని, చరిత్రను నమోదుచేయుట కష్టము. అదియే మన విధి. ఇతర భారతీయ భాషల అధ్యాపకులును తమ తరగతులందు ఇట్టి “కొత్త”, “తొవ్వ”ల జంటలను వెదకి చూడవలెనని ప్రార్థించుచున్నాను.