జింక పురుగా, గొఱ్ఱె పురుగా?

గొఱ్ఱెలు దవడక్రింద నీరుదిగి, కనుఱెప్పల లోపల తెల్లబాఱి చచ్చునప్పుడు, బీళ్లకు వచ్చు జింకలే రోగము తెచ్చినవని నింద మోపుట కలదు. ఆ నింద నిజమో కాదో పురుగును చూచినగాని తేలదు.

అట్టి గొఱ్ఱె నాల్గవ కడుపును కోసిన, అంగుళము పొడవున సన్నని పురుగులు కానవచ్చును. ఆడుదానియందు రక్తము నిండిన ఎఱ్ఱని ప్రేగుచుట్టు తెల్లని అండాశయములు పేనిన త్రాటివలె చుట్టుకొనియుండును. దినమునకు వేలకొలఁది గ్రుడ్లు పెట్టును. రుడోల్ఫి 1803లో దీనికి పేరిడెను. 1898లో కాబ్ దీనిని హీమాంకస్ అను ప్రజాతిగా నేర్పఱచెను.

ఈ ప్రజాతియందు గొఱ్ఱెలది, ఆవులది, ఒంటెలది, ఆఫ్రికా అడవిదున్నలది అని వేఱువేఱు జాతులు కలవు. కంటికన్నియు నొక్కటే. అందుచే పండితులు మగపురుగు తోకను సూక్ష్మదర్శినిక్రింద నుంతురు. అచ్చట గొడుగువలె విచ్చుకొను పొరయు, రెండు సూదులును ఉండును. సూదుల పొడవు, కొననుండి ముల్లు ఎంతదూరమున్నది, ఇవియే ముఖ్యమైన గుర్తులు. మిల్లీమీటరులో వందవవంతుల లెక్క యిది! 1979లో గిబ్బన్స్ అను నామె ప్రజాతినంతటిని మరల సవరించినది ఇట్టి గుర్తులతోనే.

జింకలోనిది వేఱు జాతి యని తేలెనా, నేరము కొట్టుపోవును. ఒక్కటే యైనను, తడిగడ్డి మేసిన జింకకే మన మందనుండి సోకియుండవచ్చును.

కావున గొఱ్ఱె చచ్చినచో పురుగులను కడిగి స్పిరిటు సీసాలో నుంచి, జంతువు, అవయవము, ఊరు, తేది పెన్సిలుతో వ్రాసిన చీటి లోపలనే వేసి పశువైద్యశాలకు పంపుఁడు. సిరా కరగిపోవును. హఠాత్తుగా, ముక్కున రక్తము కాఱి చచ్చినదానిని మాత్రము కోయరాదు, దొమ్మరోగము కావచ్చును. చచ్చిన జింకను తాఁకక అటవీశాఖకు తెలుపుఁడు. మగపురుగులు చిన్నవని విడువకుఁడు.