స్పోర్ట్స్ మోటారు సైకిలునకు ఇంటివద్ద నూనె, ఫిల్టరు మార్చుట

ఎడ్లబండ్లు తిరుగు రోజులలో మన రైతు ప్రయాణమునకు ముందు మొదట చూచుకొనునది కందెన. ఆముదములో మసి కలిపి ఇరుసునకు పట్టించి, ఆపైన చక్రమును ఎక్కించెడివాడు. దారిలో బండి కిర్రుమనినచో కందెన ఆరినదని పక్కన నడచిపోవువారికిని తెలిసెడిది. నేడు మన విద్యార్థులు నడుపు స్పోర్ట్స్ మోటారు సైకిలునకును కందెనయే ప్రాణము. అయితే ఒక భేదము కలదు. ఇంజనులోని నూనె చెడినప్పుడు అది ఇరుసువలె ముందుగా మొరపెట్టుకొనదు. శబ్దము చెవిని పడునప్పటికి లోపలి లోహము అరిగియే యుండును.

మన కళాశాలల ఆవరణలలో వరుసగా నిలిచియుండు ఈ బండ్లలో అనేకము తలిదండ్రులు వాయిదాలపై కొని యిచ్చినవి. వాయిదాలు తీరకమునుపే ఇంజను విప్పించవలసి వచ్చుట ఏ కుటుంబమునకైనను బరువే. సకాలములో మార్చిన సుమారు ఒక లీటరు నూనె, ఒక చిన్న ఫిల్టరు ఆ బరువును చాలవరకు తప్పించగలవు. ఈ పనిని ఇంటివద్ద చేసికొనుట కష్టము కాదు. కాని కష్టము లేని పనియని అజాగ్రత్తగా చేసినచో మేలుకన్న కీడే ఎక్కువ. కనుక ప్రతి మెట్టునకు గల కారణమును ముందు తెలిసికొని, పిమ్మట పానా చేత పట్టుట మంచిదని మా అభిప్రాయము.

నూనె చేయు పని

1883వ సంవత్సరములో ఇంగ్లండులో బీచమ్ టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేయుచుండెను. నూనె పోయుటకై ఆయన బేరింగు పైభాగమున ఒక రంధ్రము చేసెను. ఇరుసు తిరుగుచుండగా నూనె లోనికి పోవుటకు మారుగా ఆ రంధ్రమునుండి పైకి పొంగసాగెను. బిరడా బిగించగా బిరడా ఊడివచ్చెను. కొయ్యమేకు కొట్టగా అదియు పైకి నెట్టబడెను. ఇరుసునకు, బేరింగునకు నడుమ నున్న పలుచని నూనెపొరలో గొప్ప పీడనము పుట్టుచున్నదని దీనివలన తేలినది. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితశాస్త్ర రీత్యా వివరణ నిచ్చెను. తిరుగుచున్న ఇరుసు నూనెను సన్నగిల్లు సందులోనికి తనతోపాటు ఈడ్చుకొనిపోవును. ఆ సందులో ఇరికిన నూనె పీడనము పెరిగి, ఇరుసుపై బరువును మోయును. అనగా సక్రమముగా నడచు యంత్రములో లోహము లోహమును తాకదు. నడుమ నున్న నూనెపొరయే భారమంతయు వహించును.

ఈ సూత్రమును మన రోడ్లపై తరచు కనిపించు యమహా ఆర్15 బండికి అన్వయించి చూతము. దాని 155 సి.సి. ఇంజనులో పిస్టను ఒక మారు కదలు దూరము 58.7 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషమునకు 10,000 చుట్లు తిరుగునప్పుడు ఆ పిస్టను సగటున సెకనుకు 19 మీటర్లకు పైగా, అనగా గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగముతో సిలిండరు గోడ వెంబడి పరుగెత్తును. అంతేకాక ప్రతి చుట్టులోను రెండుమార్లు పూర్తిగా ఆగి, దిశ మార్చుకొనును. ఇంతటి పరుగులో పిస్టనును, గోడను వేరుచేసి యుంచునది పలుచని నూనెపొర మాత్రమే.

కారునకును మోటారు సైకిలునకును ఇచట ముఖ్యమైన తేడా ఒకటి కలదు. కారులో ఇంజను నూనె ఇంజనునకే పరిమితము. మోటారు సైకిళ్లలో సాధారణముగా ఒకే నూనె ఇంజనునకు, గేర్లకు, నూనెలో మునిగియుండు క్లచ్ పలకలకు కూడ పనిచేయును. కారు నూనెలు అనేకములలో రాపిడిని మరింత తగ్గించు రసాయనములు కలుపుదురు. అవి ఇంజనునకు మేలు చేసినను, రాపిడిపైననే ఆధారపడు క్లచ్ పలకలను జారజేయును. అందువలన డబ్బాపై జాసో ఎంఏ లేదా ఎంఏ2 అను గుర్తు ఉన్నదీ లేనిదీ చూడవలెను. ఇది జపాను వారు 1998లో ఏర్పరచిన ప్రమాణము. ఎంబీ అను గుర్తు గల నూనె ఇట్టి క్లచ్ లేని స్కూటర్ల వంటి వానికి తగినది. మన బండికి అది పనికిరాదు.

డబ్బాపై 10డబ్ల్యూ-40 వంటి సంఖ్యలు కూడ ఉండును. మొదటి సంఖ్య చలిలో నూనె ఎంత తేలికగా పారునో తెలుపును. డబ్ల్యూ అనగా ఇంగ్లీషులో శీతకాలమునకు గుర్తు. రెండవ సంఖ్య 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో నూనెకు మిగిలియుండు చిక్కదనమును సూచించును. బండితో ఇచ్చిన పుస్తకములో ఏ సంఖ్య చెప్పబడినదో దానినే వాడవలెను. అంగడివాని సలహాకన్న ఆ పుస్తకమే ప్రమాణము.

నూనె ఎందులకు చెడును?

వేడికి నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి క్రమముగా మారిపోవును. పెట్రోలు మండగా వచ్చు మసి, నీటియావిరి పిస్టను రింగులను దాటి నూనెలో చేరును. ఇంటినుండి కళాశాలకు రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరుగు బండిలో ఆ నీరు ఆవిరియై పోవునంతటి వేడి పుట్టదు. కాబట్టి తక్కువ తిరిగినది గదా యని నూనె మార్చకుండుట పొరపాటు. పుస్తకములో చెప్పిన కిలోమీటర్లు, చెప్పిన నెలలు—వీటిలో ఏది ముందు వచ్చిన దానినే గడువుగా ఎంచవలెను. వీటికి తోడు, నూనెకు చిక్కదనము నిచ్చుటకు కలిపిన పొడవైన అణువులను గేరు పండ్లు నలిపి తునియలు చేయును.

నూనె నల్లబడినంతనే చెడినదనుకొనుట సరికాదు. మసిని తనలో పట్టి యుంచుట మంచి నూనె చేయవలసిన పనియే. అట్లే రంగు తేటగా నున్నంత మాత్రమున బాగున్నదనియు చెప్పరాదు. వ్రేళ్లతో రుద్ది చూచు పరీక్షకన్న తేదీ, కిలోమీటర్లు వ్రాసి పెట్టుకొన్న కాగితము నమ్మదగినది.

పనిచేయు క్రమము

సిద్ధపరచుకొనవలసినవి కొలదియే: తగిన నూనె, కొత్త ఫిల్టరు, దానికి చెందిన రబ్బరు రింగులు, డ్రెయిన్ బోల్టునకు కొత్త వాషరు, సరియైన కొలత గల పానా, వీలైనచో టార్క్ రెంచి, వెడల్పు తట్ట, గరాటు, పాత గుడ్డలు, చేతులకు తొడుగులు. పాత నూనెలో చర్మమునకు హాని చేయు పదార్థములుండును. కనుక తొడుగులు అనవసరపు ఆడంబరము కావు.

మొదట ఇంజనును మూడు నాలుగు నిమిషములు ఆరుబయట నడిపి ఆపవలెను. గోరువెచ్చని నూనె తేలికగా పారి, అడుగున పేరుకొన్న మడ్డిని తనతో తెచ్చును. దూరము పోయివచ్చిన వెంటనే మాత్రము పని మొదలుపెట్టరాదు. కాగిన నూనె, సైలెన్సరు గొట్టము చేతులను కాల్చును. బండిని సమతలమున, కదలకుండ స్టాండుపై నిలుపవలెను. స్పోర్ట్స్ బండ్లలో ఇంజనును కప్పియుండు ప్లాస్టిక్ ఫెయిరింగు క్రింది భాగమును విప్పవలసిరావచ్చును. దాని స్క్రూలను, క్లిప్పులను ఊడదీసిన వరుసలోనే ఒక పళ్లెములో పెట్టుకొన్నచో మరల బిగించునప్పుడు తికమక యుండదు.

తరువాత నూనె పోయు మూతను తీసి, తట్టను క్రింద నుంచి, డ్రెయిన్ బోల్టును వదులు చేయవలెను. ఇచట కొత్తవారు మోసపోవుట కలదు. బోల్టు తల నేలవైపు చూచుచుండగా మనము పైనుండి వంగి చూతుము. అందుచే ఎడమ కుడులు తారుమారై, విప్పుచున్నామనుకొని బిగించుట జరుగును. బోల్టు తలకు ఎదురుగా ఉండి చూచినట్లు ఊహించుకొని, గడియారపు ముల్లునకు వ్యతిరేక దిశలో త్రిప్పవలెను.

నూనె కారిన పిమ్మట బోల్టును తుడిచి పరిశీలించవలెను. మైనమువంటి సన్నని లోహపు నలుసు కొంచెము కనిపించుట సహజము. మెరయు లోహపు పెళ్లలు కనిపించినచో బండిని నడపక, అనుభవజ్ఞుడైన మెకానికునకు చూపవలెను. ఈ విధముగా నూనె మార్చుట ఇంజనునకు ఒక వైద్య పరీక్ష వంటిదియు నగును.

ఫిల్టర్లు రెండు రకములు. చిన్న బండ్లలో కాగితపు మడతలతో చేసిన ఫిల్టరు ఒక మూత వెనుక దాగి యుండును. పెద్ద ఇంజనులలో డబ్బావంటి ఫిల్టరు మరచుట్టుతో బిగింపబడి యుండును. మొదటి రకములో ఏ ముఖము లోపలికి, స్ప్రింగు ఎటువైపు అనునది పాతదానిని తీయునప్పుడే గుర్తుంచుకొనవలెను. తిరగవేసి పెట్టినచో నూనె దారి మూసికొనిపోవచ్చును. రెండవ రకములో కొత్త రబ్బరు అంచునకు కొంచెము నూనె పూసి, చేతితోనే త్రిప్పి, అంచు తాకిన తరువాత ఫిల్టరుపై చెప్పినంత మేరకే బిగించవలెను. పాత రబ్బరు రింగు ఇంజనునకే అంటుకొని మిగిలిపోవుట కద్దు. మేము మొదటి మారు ఈ పని చేసినప్పుడు దానిని గమనింపక, పాతదానిమీదనే కొత్తది బిగించితిమి. ఇంజను నడిపిన రెండు నిమిషములకే నేలపై నల్లని మరక కనిపించినది. ఇంటిముందే చూచుకొంటిమి గనుక సరిపోయినది. రోడ్డుపై ఆ నూనె వెనుక టైరునకు తగిలియుండినచో మొదటి మలుపులోనే పడియుందుము.

డ్రెయిన్ బోల్టునకు కొత్త వాషరు వేసి, మొదటి చుట్లు చేతితోనే ఎక్కించి, పిమ్మట పానాతో బిగించవలెను. ఎంత బిగింపు? అనేక బండ్లకు ఇది 20 నుండి 30 న్యూటన్ మీటర్ల నడుమ ఉండును. భౌతికశాస్త్రములో మనము చదివిన సూత్రమే ఇచట అక్కరకు వచ్చును. 25 సెంటీమీటర్ల పానా చివర 100 న్యూటన్లు, అనగా సుమారు 10 కిలోల బరువుతో నొక్కినచో 25 న్యూటన్ మీటర్లు వచ్చును. అంతకు మించినది బలప్రదర్శనమే. ఇంజను అడుగుభాగము అల్యూమినియముతో చేయబడినది. ఉక్కు బోల్టును దేహబలమంతయు వేసి బిగించినచో బోల్టు చెడదు, ఇంజనులోని మరలు తెగును. పది రూపాయల వాషరు పని వేల రూపాయల పని యగును.

నూనెను ఒక్కమారు పోయక, చెప్పిన కొలతకన్న కొంచెము తక్కువగా పోసి, మూత బిగించి, ఇంజనును నెమ్మదిగా నడుపవలెను. నూనె దీపము గల బండిలో అది కొద్ది సెకన్లలో ఆరనిచో వెంటనే ఇంజనును ఆపవలెను. రెండు మూడు నిమిషములు నడిపి, ఆపి, నూనె క్రిందికి దిగువరకు ఆగి, బండిని పుస్తకములో చెప్పిన భంగిమలో నిలిపి మట్టము చూడవలెను. రెండు గీతల నడుమ నుండుటయే సరి. ఎక్కువ పోసిన ఎక్కువ మేలు అనునది ఇచట చెల్లదు. మట్టము మించిన నూనెను తిరుగు భాగములు చిలికి నురుగు చేయును. నురుగులోని గాలి బుడగలు భారమును మోయలేవు. చివరగా బోల్టు, ఫిల్టరుల చుట్టును తుడిచి, కారుట లేదని నిశ్చయించుకొని, వెనుక టైరును కూడ ఒకమారు చూచిన పిమ్మటనే ఫెయిరింగు బిగించవలెను.

పాత నూనె గతి

బండి సిద్ధమైనంత మాత్రమున పని ముగియలేదు. తట్టలోని నల్లని నూనె మిగిలియున్నది. దానిని వీధి కాలువలో పారబోయుట, పెరటి మట్టిలో పోయుట, చెత్తతో కలిపి కాల్చుట మనము చూచుచున్నదే. కాలువనుండి అది చెరువునకో, మూసీవంటి నదికో చేరి నీటిపై పొరగా పరచుకొని, గాలిని నీటిలో కరుగనీయదు. మట్టిలో పోసినది కాలక్రమమున బావినీటిని చేరగలదు. సెంట్రింగ్ చెక్కలకు, చెదలు పట్టకుండ దూలములకు పూయుట పొదుపుగా తోచినను, అందలి విషపదార్థములు ఆ పూయువారి చేతులకును, ఇంటిలోనికిని చేరును.

మన దేశములో 2016 నాటి నియమములు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థముగా పరిగణించినవి. 2023లో వానికి చేసిన సవరణ ప్రకారము 2024 ఏప్రిల్ 1 నుండి, నూనెను తయారుచేయు సంస్థలపైననే వాడిన నూనెను తిరిగి శుద్ధికి చేర్చు బాధ్యత కూడ మోపబడినది. కాని మన తట్టలోని నూనె ఆ శుద్ధి కర్మాగారమునకు చేరవలెననిన మొదటి అడుగు మనదే. కొత్త నూనె వచ్చిన డబ్బాలోనే పాతది పోసి, మూత బిగించి, ఫిల్టరును కూడ వడకార్చి సంచిలో చుట్టి, వాడిన నూనెను సేకరించి శుద్ధికి పంపు సర్వీసు కేంద్రమున ఇవ్వవలెను. నీరుగాని, పెట్రోలుగాని అందు కలుపరాదు.

ఉర్దూలో ఉస్తాద్ అనగా గురువు. మన మెకానిక్ షాపులలో పెద్ద మెకానికును పిల్లలు పిలుచునదియు ఆ పేరుతోనే. వయస్సుతో పండిన ఉస్తాదుల చేతికి బిగింపు కొలత దానంతట అదే తెలియును. మనకు ఆ చేయి లేదు, పుస్తకము కలదు. చదివినదానిని చేతితో చేసి చూచుటకు, సందేహము కలిగినచోట ఉస్తాదును అడుగుటకు విద్యార్థి సిగ్గుపడరాదు. చేతులు కడుగుకొనుటకు ముందు మాత్రము తేదీని, మీటరులోని కిలోమీటర్లను ఒక కాగితముపై వ్రాసి సీటు క్రింద పెట్టవలెనని మా మనవి. నూనె చెడినప్పుడు ఇంజను చెప్పదు గనుక ఆ మాట ఆ కాగితమే చెప్పవలెను.