చుట్టూ ఉన్నవాళ్లు నవ్వకపోతే...

సోడాబుడ్డి, బొండాం, పొట్టోడు, నత్తోడు... ఏ బడిలో విన్నా ఇలాంటి పేర్లు నాలుగైనా వినపడతాయి. పిల్లలన్నాక ఇవన్నీ మామూలే అనుకుంటాం. నిజమే, ఆటపట్టించుకోవడం మామూలే. ఇవాళ ఒకరు అంటారు, రేపు రెండోవాళ్లు అంటారు, ఇద్దరూ నవ్వుకుంటారు. కానీ రోజూ ఒక్కరే అనిపించుకుంటూ, తిరిగి ఏమీ అనలేక, పొద్దున్నే బడి టైముకి కడుపునొప్పి అంటూ పడుకుంటున్నారంటే అది ఆట కాదు. కావాలని చేయడం, పదేపదే చేయడం, ఎదుటివాళ్లు తిప్పికొట్టలేని స్థితిలో ఉండటం... ఈ మూడూ ఉంటే అది వేధింపేనని తేల్చి చెప్పారు డాన్‌ ఓల్వియస్‌. స్వీడన్‌లో పుట్టి, నార్వేలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన.

1982 చివర్లో ఉత్తర నార్వేలో పది, పద్నాలుగేళ్ల మధ్య వయసున్న ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు తీసుకున్నారు. తోటిపిల్లల వేధింపులే కారణం కావచ్చని పత్రికలు రాశాయి. దేశం ఉలిక్కిపడింది. మరుసటి ఏడాదే అక్కడి విద్యాశాఖ బడులన్నిటా ప్రచారం మొదలుపెట్టింది. అందులో భాగంగా బెర్గెన్‌ నగరంలోని 42 బడుల్లో సుమారు 2,500 మంది పిల్లలను ఓల్వియస్‌ గమనించారు. ఆయన చెప్పినవేవీ బ్రహ్మవిద్యలు కావు. విరామంలో పెద్దవాళ్లు మైదానంలో తిరగడం, ఎవరినీ ఏడిపించకూడదన్న నియమాలు తరగతిలో అందరూ కలిసి పెట్టుకోవడం, ఏడిపించిన పిల్లలతోనూ వాళ్ల అమ్మానాన్నలతోనూ కూర్చుని మాట్లాడటం. అంతే! రెండేళ్లు తిరిగేసరికి వేధింపులు సగానికి పైగా తగ్గాయి.

పది సెకన్లు చాలు

కెనడాలోని టొరంటోలో కొందరు పరిశోధకులు బడి మైదానాల్లో ఆడుకుంటున్న పిల్లలను దూరం నుంచి వీడియో తీశారు. 2001లో ఆ వివరాలు బయటకొచ్చాయి. ఒకరిని మరొకరు ఏడిపిస్తున్న సందర్భాల్లో 88 శాతం ఇతర పిల్లల కళ్లెదుటే జరిగాయి. వాళ్లలో ఎవరో ఒకరు కల్పించుకున్నది 19 శాతం సందర్భాల్లోనే. అయితే అసలు విశేషం ఆ తర్వాతిది. అలా కల్పించుకున్నప్పుడు సగానికి పైగా సార్లు గొడవ పది సెకన్లలో ఆగిపోయింది. మాస్టారు రాలేదు, బెత్తం లేదు. పక్కనున్న పిల్ల ‘ఇక చాలు, వదిలెయ్‌’ అంది, అంతే.

ఏడిపించేవాళ్లకు కావాల్సింది ఏడ్చేవాళ్లు కాదు, నవ్వేవాళ్లు. ఫిన్లాండ్‌లోని తుర్కు విశ్వవిద్యాలయ ఆచార్యురాలు క్రిస్టినా సాల్మివల్లి ఏళ్ల తరబడి చేసిన పరిశోధన ఈ ప్రేక్షకుల గురించే. ఆ పునాదిమీదే ‘కివా’ అనే కార్యక్రమం పుట్టింది. వాళ్ల భాషలో ఆ మాటకి ‘బాగుంది’ అని అర్థం. 2009 నుంచి దాన్ని దేశమంతటా బడులకు అందించారు. వేధింపు జరిగిందని తెలిస్తే బడిలోని పెద్దవాళ్ల బృందం ఇద్దరితో విడివిడిగా మాట్లాడుతుంది. తరగతిలో అందరూ ఇష్టపడే ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలిచి, ‘ఆ అబ్బాయికి కాస్త తోడుగా ఉండగలరా?’ అని అడుగుతుంది. హీరోలాంటి పిల్లాడు పక్కన కూర్చుంటే ఇక వెక్కిరించేదెవరు? చిన్న తరగతుల్లో దీని ఫలితం బాగా కనిపించింది. ఏడో తరగతి దాటాక మాత్రం అంతగా లేదు. అంటే తొందరగా మొదలుపెట్టాల్సిన పనే ఇది.

మన దగ్గరో?

ర్యాగింగ్‌ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే చట్టం వచ్చింది. పిల్లలను మానసికంగా వేధించకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. బడుల్లో వేధింపుల నివారణ కమిటీలు ఉండాలని సీబీఎస్‌ఈ 2015లో తన పాఠశాలలకు సూచించింది. కాగితాలకేం కొదవలేదు. మీ పిల్లల బడిలో ఆ కమిటీలో ఎవరున్నారో ఈసారి పేరెంట్స్‌ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక అడిగి చూడండి. పాఠం అప్పజెప్పలేని పిల్లాడికి టీచరే ఒక పేరు తగిలించి తరగతిని నవ్వించే అలవాటు ఉంటే, దాని గురించీ మాట్లాడండి. పిల్లలకు అదే లైసెన్సు.

బెత్తం దెబ్బలు, బలవంతంగా చేతులు కలిపించి సారీ చెప్పించడం... మనకు తెలిసిన మందులు ఈ రెండే. బలం సమానంగా లేనిచోట రాజీ ఏం కుదురుతుంది? మాస్టారి ముందు కలిసిన చేతులే గేటు దాటాక కాలర్‌ పట్టుకుంటాయి.

ఇంట్లోనూ అంతే. నాన్న ‘నువ్వూ రెండు తగిలించు’ అంటాడు. అమ్మ ‘మనకెందుకు, నీ పని నువ్వు చూసుకో’ అంటుంది. ఈ రెండో మాటే ప్రమాదం. నవ్వుతూ నిలబడే గుంపులోకి మన బిడ్డను మనమే పంపిస్తున్నాం. ‘నిన్నెవరైనా ఏమన్నా అన్నారా?’ అని అడిగితే చాలామంది పిల్లలు లేదనే చెబుతారు. ‘మీ క్లాసులో ఎవరిని ఎక్కువ ఏడిపిస్తారు? అప్పుడు నువ్వేం చేస్తావు?’ అని అడగండి. కథంతా బయటికొస్తుంది. తన కథైనా సరే, వేరేవాళ్ల పేరుతో చెప్పొచ్చు!

గొడవలోకి దూకమని పిల్లలకు చెప్పక్కర్లేదు. లంచ్‌ బెల్‌ కొట్టాక ఒంటరిగా ఉన్నవాళ్లను రమ్మని పిలిస్తే చాలు. క్లాస్‌ వాట్సాప్‌ గ్రూపులో ఒకరిని వెక్కిరిస్తూ ఫొటో వస్తే ముందుకు పంపకుండా ఆపితే చాలు. టీచరుకు చెబితే చాడీలన్నట్టు కాదని కూడా వాళ్లకు తెలియాలి. హాస్టల్లో ఉండే పిల్లలకు సాయంత్రం చెప్పుకోవడానికి అమ్మ ఎదురుగా ఉండదు. వాళ్ల పుస్తకం అట్టమీద ఒక నంబరు రాసి పంపండి. 1098, పిల్లల సహాయవాణి. ఎప్పుడైనా, డబ్బు లేకుండానే కలుస్తుంది.