సామర్లకోట తోటయు, సోమిద చెట్టును

వృక్షశాస్త్రమున మొక్కలకు లాటిన్ రూపములో పేర్లుండుట అందరును ఎరిగినదే. అట్టి పేర్లలో ‘సోయిమిడా’ యనునది యొకటి. ఇది మన ‘సోమిద’ యను తెలుగు మాటయే. ఈ మాట శాస్త్రమునకు ఎక్కిన వృత్తాంతము సామర్లకోటతో ముడివడి యున్నది.

స్కాట్లండు దేశీయుడగు విలియం రాక్స్‌బర్గు 1751లో జన్మించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసునకు వచ్చెను. 1781లో సామర్లకోట చేరి, అచ్చటి తోటలో మిరియము, కాఫీ, నీలి మున్నగువానిని పెంచి పరీక్షించెను. 1787లో సంభవించిన ఉప్పెనలో ఆయన పుస్తకములును, ఎండబెట్టి దాచిన మొక్కలును నశించెను. అయినను ఆయన తన కృషిని మరల మొదటినుండి సాగించెను. 1789లో ప్యాట్రిక్ రస్సెల్ తరువాత మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడయ్యెను.

ఆయన పద్ధతి గమనింపదగినది. దేశీయ చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించి, వానికి వర్ణనములను, స్థానికుల వాడుకలను చేర్చెను. పెక్కు మొక్కలకు తెలుగు పేర్లు గూడ వ్రాసికొనెను. వానినుండి ఎన్నుకొన్న 300 చిత్రములు, సర్ జోసెఫ్ బ్యాంక్సు పర్యవేక్షణలో, ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను అర్థమిచ్చు ఆంగ్ల నామముతో, 1795 మొదలు 1820 వరకు లండనులో మూడు సంపుటములుగా వెలువడెను.

వస్త్రములకు ఎఱ్ఱరంగు నిచ్చు చిరివేరును, బురదనీటిని తేర్చు చిల్లగింజయును ఆ గ్రంథమున కలవు. చిల్లగింజను కుండ లోపల అరగదీసి నీరు పోసినచో మలినము అడుగునకు దిగును. ఇది మన పల్లెల పరిజ్ఞానమే.

సోమిద కథయు నట్టిదే. దాని బెరడు జ్వరమునకు మందు. దక్షిణ అమెరికానుండి రావలసిన సింకోనా బెరడునకు బదులుగా దీనిని వాడవచ్చునని రాక్స్‌బర్గు తలచి, మహాగని జాతిలో చేర్చి, ‘జ్వరహారి’ యను అర్థము గల ‘ఫెబ్రిఫ్యూగా’ అను విశేషణము నొసగెను. సింకోనా స్థానము దానికి దక్కలేదు గాని, 1830లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆడ్రియన్ ద జస్యూ దానిని ప్రత్యేక ప్రజాతిగా వేరుచేసి, తెలుగు మాటనే దానికి పేరుగా నిలిపెను. నేటికిని శాస్త్రలోకమున అది ‘సోయిమిడా ఫెబ్రిఫ్యూగా’యే.

రాక్స్‌బర్గు 1793లో కలకత్తా వృక్షోద్యానమునకు అధికారియై వెళ్లి, 1815లో మరణించెను. విలియం కేరీ 1832లో ప్రకటించిన ఆయన ‘ఫ్లోరా ఇండికా’లోను తెలుగు పేర్లు నిలిచియున్నవి.

కోరమాండల్ గ్రంథపు ముఖపత్రమున రాక్స్‌బర్గు పేరు కలదు గాని, బొమ్మలు వ్రాసిన చిత్రకారుల పేర్లు లేవు. సోమిద గుణమును ముందుగా ఎరిగినవారి పేర్లును మనకు దక్కలేదు. వారి మాట మాత్రము, ఒకడు విని వ్రాసియుంచుటచే, బ్రతికినది. తరతరములుగా తెలుగునాటికి వెలుపల నివసించుచున్న కుటుంబములలోని వృద్ధుల నోట నేటికిని చెట్టుచేమల పేర్లు వినవచ్చుచున్నవి. వానిని సేకరించి వ్రాసియుంచుటకు గొప్ప తోటలు అక్కరలేదు. అడుగువారును, వ్రాయువారును ఉన్న చాలును.