ఆటు సమయంలో దాగుడుమూతలు

సిరుగుప్పలో మనకు తుంగభద్ర ఉంది, కాలువలు ఉన్నాయి, వరిమళ్ళు ఉన్నాయి. సముద్రం మాత్రం లేదు. అయినా మన పిల్లలు విహారయాత్రకు విశాఖపట్నం వెళ్తూనే ఉంటారు. ఇప్పుడు చాలామంది చేతిలో కెమెరా ఉన్న ఫోను ఉంటోంది. అందుకే ఈనాటి ప్రసంగంలో, లోతులేని సముద్రపు నీటిలో రంగు మార్చుకుని దాక్కునే జీవులను ఫొటో తీయడం ఎలాగో చెప్పుకుందాం.

విశాఖలో తెన్నేటి పార్కు, రుషికొండ వైపు తీరంలో రాళ్ళు ఎక్కువ. సముద్రం వెనక్కి తగ్గడాన్ని ఆటు అంటారు, ముందుకు రావడాన్ని పోటు అంటారు. ఆటు వేళ రాళ్ళ గుంటల్లో నీరు నిలుస్తుంది. మనం ఎండ్రకాయ అనేదీ, కన్నడంలో ఏడి అనేదీ, కోస్తావారు పీత అనేదీ ఒకటే. అది ఆ గుంటల్లో రాతిరంగులో కలిసిపోయి ఉంటుంది. ఆక్టోపస్ అయితే మన ఊసరవెల్లిని మించినది. దాని చర్మంలో రంగు సంచులుంటాయి. వాటి చుట్టూ ఉన్న కండరాలు బిగిస్తే రంగు విచ్చుకుంటుంది, వదిలితే ముడుచుకుంటుంది. రెప్పపాటులో రూపమే మారిపోతుంది.

మరి ఎప్పుడు వెళ్ళాలి? అమావాస్య, పౌర్ణమి రోజులకు దగ్గరగా నీరు బాగా తగ్గుతుంది. ఆటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది. కాబట్టి నిన్నటి వేళను నమ్ముకుని ఈరోజు వెళ్ళకండి. నీరు పూర్తిగా తగ్గడానికి గంట ముందే చేరుకోండి. నీరు తిరగగానే ఒడ్డుకు వచ్చేయండి.

ఫొటోకు పెద్ద అడ్డంకి నీటిమీద ఆకాశపు మెరుపు. ఫ్లాష్ వాడితే ఆ మెరుపు ఇంకా పెరుగుతుంది. నల్లగొడుగు అడ్డుపెట్టి చూడండి, అడుగు స్పష్టంగా కనిపిస్తుంది. పోలరాయిడ్ చలువ కళ్ళద్దాన్ని కెమెరా ముందు మెల్లగా తిప్పినా మెరుపు తగ్గుతుంది. నీటిని ఏటవాలుగా చూసినప్పుడే ఇది బాగా పనిచేస్తుంది. తరువాత ఐదు నిమిషాలు కదలకుండా ఉండండి. మీ నీడకు బెదిరిన జీవి మళ్ళీ కదులుతుంది. ముందు కన్ను కనిపిస్తుంది. కెమెరాను దానిమీదే నిలపండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. దాక్కున్నది ప్రమాదం లేనిదని అనుకోవద్దు. తేలుచేప రాయిలాగే ఉంటుంది, దాని ముళ్ళలో విషం ఉంటుంది. శంకు ఆకారపు అందమైన కోన్ నత్తల్లో కొన్నింటి విషానికి మనుషులు చనిపోయారు. కాబట్టి చెప్పులు లేకుండా నడవకండి, దేన్నీ చేతితో తీయకండి. తేలుచేప ముల్లు గుచ్చుకుంటే, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని ఉంచి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

మన వల్ల ఆ జీవులకూ ప్రమాదమే. రాయి తిరగేసి వదిలేస్తే, దాని అడుగున నీడలో బతికేవి ఎండకు చచ్చిపోతాయి. సముద్ర గుర్రాలు, పగడాలు, సముద్ర దోసకాయలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. వాటిని గుర్తుగా ఇంటికి తేవడం నేరం.

యాత్రకు ముందు మన ఊళ్ళోనే సాధన చేయించండి. మడిగట్టున గడ్డిరంగు మిడత, బురదరంగు కప్ప ఉండనే ఉన్నాయి. నదిలోకి మాత్రం పిల్లలను దింపవద్దు, తుంగభద్రలో మొసళ్ళున్నాయి. ముట్టుకోకుండా చూడడం ఇక్కడ అలవాటైన పిల్లవాడికి అక్కడ వేరే చెప్పనక్కరలేదు.