పాత ల్యాప్‌టాప్ కొనవచ్చునా?

2025 నవంబరులో ఒక సాయంత్రం, మా విభాగంలో కాంట్రాక్టు పద్ధతిపై పనిచేసే సహాయకుడు నా బల్ల వద్దకు వచ్చి, "సార్, మా అమ్మాయి డిప్లొమా చదువుతోంది. ల్యాప్‌టాప్ కావాలంటోంది. ఆరున్నర వేలకు పాతది ఒకటి ఉందన్నారు. మీరొకసారి చూసి చెబుతారా?" అని అడిగాడు. అది నష్టానికి చీటీ పాడి తెచ్చుకున్న సొమ్ము. కాదనలేకపోయాను.

ఈ విషయంలో నాకొక చేదు అనుభవం ఉన్నది. 2019లో ఐదున్నర వేలు పోసి, చూడముచ్చటైన చిన్న ల్యాప్‌టాప్ ఒకటి కొన్నాను. అది తయారై అప్పటికి మూడేళ్ళు కూడా కాలేదు. తీరా చూస్తే ర్యామ్ 2 జీబీ, నిల్వ 32 జీబీ మాత్రమే. రెండూ బోర్డు మీదనే సోల్డరు చేసినవి. విండోస్ నవీకరణకే అందులో చోటు చాలదు, మార్చుదామంటే ఊడిరాదు. అది నేటికీ మా ఇంటి బీరువాలో చీరల అడుగున భద్రంగా ఉన్నది. ఆ సంగతిని మా శ్రీమతి సందర్భం వచ్చినప్పుడల్లా గుర్తుచేస్తూనే ఉంటుంది.

పాత మోటారును మనం రంగు చూసి కొనము. మెగ్గర్ పెట్టి వైండింగు చూస్తాము; బేరింగు పోయినదైతే మార్చుకోవచ్చునని ధర తగ్గిస్తాము. ల్యాప్‌టాప్‌నూ అలాగే చూడాలన్నది 2019 నాకు నేర్పిన పాఠం. ఏ భాగం మార్చదగినది, ఏది మార్చలేనిది అన్నదే ముందు తేల్చుకోవాలి. వయస్సు ఆ తరువాతి మాట.

ఆదివారం ముగ్గురమూ సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్ళాము. దుకాణదారు చూపినది రెండవ తరం ఐ5 ప్రాసెసర్ గల యంత్రం. ఆ తరం 2011 జనవరిలో విడుదలైనది. ముందుగా బయోస్ తెరిపించాను. కార్యాలయాలు వాడి వదిలిన యంత్రాలలో పాత యజమాని పెట్టిన పాస్‌వర్డ్ ఒక్కొక్కప్పుడు అలాగే ఉండిపోతుంది. కొన్ని నమూనాలలో లోపలి చిన్న బ్యాటరీ తీసినా అది చెరగదు. అది ఉన్నదని తేలితే ఇక మిగిలిన పరీక్షలతో పని లేదు, లేచి రావడమే. దీనిలో లేదు.

హార్డ్‌డిస్క్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకుంటుంది. ఈ ఏర్పాటును స్మార్ట్ అంటారు. దాని లెక్క ప్రకారం డిస్కు 21,000 గంటలు తిరిగినది. ఏడాదికి 8,760 గంటలు కనుక, దాదాపు రెండేళ్ళ ఐదు నెలలు ఆగకుండా పరుగెత్తినట్లు. పాడైన సెక్టర్లు కూడా కొన్ని ఉన్నవి, మార్చవలసినదే. బ్యాటరీ సామర్థ్యం తయారైనప్పుడు 56 వాట్-అవర్లు, ఇప్పుడు 19. తెర, మీటలు, మడతబందులు బాగున్నవి. ఫ్యాను కొంత గోల చేసినది కాని, దుమ్ము దులిపితే సరిపోతుంది.

కాగితం తీసి కూడాను. యంత్రం 6,500, ఎస్ఎస్‌డీ 1,700, మరో 4 జీబీ ర్యామ్ 800, బ్యాటరీ 1,800. వెరసి 10,800 రూపాయలు. మార్చవలసినవన్నీ మార్చదగినవే. ఫరవాలేదు, తీసుకోవచ్చునన్నాను. తండ్రి జేబులో చేయి పెట్టాడు.

అంతవరకు మౌనంగా నిలబడిన అమ్మాయి, "అంకుల్, ఇందులో ఆటోక్యాడ్ వస్తుందా?" అని అడిగింది.

ఆమె చదువుతున్నది సివిల్. రెండు గంటలపాటు యంత్రాన్ని పరీక్షించిన నేను, దానితో చేయవలసిన పని ఏమిటని ఒక్కమారైనా అడగలేదు! ఆటోక్యాడ్ కొత్త వెర్షన్లకు కనీసం డైరెక్ట్ఎక్స్ 11 గల గ్రాఫిక్స్ కావాలి. ఈ ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉన్న గ్రాఫిక్స్ 10.1 వద్దనే ఆగిపోయినవి. ఇది బేరింగు కాదు, వైండింగు. పైగా విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు ఇంటెల్‌లో అధికారికంగా ఎనిమిదవ తరం నుండియే అర్హత. లైనక్స్ వేసుకోవచ్చు, కాని ఆటోక్యాడ్‌కు లైనక్స్ వెర్షన్ లేదు.

అదే దుకాణంలో ఎనిమిదవ తరం యంత్రం పద్నాలుగు వేలన్నారు. తండ్రి నా ముఖం చూశాడు. నేను కాగితం మడిచాను. "రెండు నెలలు ఆగుదాం నాన్నా, అందాకా కాలేజీ ల్యాబ్‌లో చేసుకుంటాను" అన్నది అమ్మాయి. దుకాణదారు మమ్మల్ని సాగనంపిన తీరు గురించి చెప్పకపోవడమే మర్యాద.

మరుసటి వారం ఆ పాత యంత్రాన్ని నేనే కొన్నాను. ఉత్తరాలు, లెక్కలు, వార్తలు తప్ప నాకు వేరే పని లేదు. ఎస్ఎస్‌డీ అమర్చి లైనక్స్ మింట్ 22 వేశాను. దానికి 2029 ఏప్రిల్ వరకు మద్దతు ఉన్నది. ఈ వ్యాసం టైపు చేసినది దానిపైనే. బ్యాటరీ మాత్రం ఇంకా మార్చలేదు.

2026 జనవరిలో ఆ తండ్రి పద్నాలుగు వేల యంత్రాన్నే కొన్నాడు. ఈసారి నన్ను తోడు పిలవలేదు. బయోస్‌తో సహా అన్నీ అమ్మాయే చూసుకున్నదట.